కోహోకి ఏ ఎర వేయాలి: గుడ్లా, స్పిన్నరా, హెర్రింగా?

చేపల సామాను అమ్మే షాపులో ల్యూర్ల (చేపను మోసగించే నకిలీ ఎరల) గోడ ముందు నిలబడితే చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది. గులాబీ, చిలకాకుపచ్చ, వంకాయ రంగు, జరీ లాంటి వెండి మెరుపు. ఏది చూసినా తీసుకోవాలనిపిస్తుంది. అమెరికా వచ్చాక మొదటి సెప్టెంబరులో నేను అలాగే బుట్టెడు కొన్నాను. ఆ ఏడాది ఒక్క కోహో సాల్మన్ కూడా పడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కొన్నవాటిలో సగం సముద్రంలో పడవ వెనక లాగేవి. నేనేమో రోజూ స్కైకోమిష్ నది గట్టున నిలబడేవాణ్ణి.

అందుకే ఎవరైనా "ఏ ల్యూర్ కొనమంటారు?" అని అడిగితే నేను ముందు "ఎక్కడ నిలబడతావు?" అని అడుగుతాను. సియాటిల్ చుట్టుపక్కల బాథెల్, రెడ్‌మండ్, సమామిష్ వైపు ఉండే మనవాళ్లకు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉప్పునీళ్లూ, స్నోహోమిష్, స్కైకోమిష్, గ్రీన్ లాంటి నదులూ గంట లోపు దూరమే. ఆగస్టు చివర్లో కోహో ఉప్పునీళ్లలో కనిపిస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో నదులెక్కుతుంది. ఈ రెండు చోట్లా చేప ఒకటే, దాని బుద్ధి మాత్రం ఒకటి కాదు.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యం, చేప ఆకలి మీద ఉందా లేదా అన్నది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ కోహో తిండిపోతు. హెర్రింగ్, క్యాండిల్‌ఫిష్ లాంటి చిన్న చేపల్ని వెంటాడి మింగుతుంది. నదిలోకి వచ్చాక తినడం దాదాపు మానేస్తుంది. మన పులస సముద్రం వదిలి గోదావరికి ఎదురెక్కినట్టే ఇదీ ఎక్కుతుంది. కాకపోతే పులస మళ్లీ సముద్రానికి తిరిగి వెళ్లగలదు, కోహో గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. అలాంటి చేప నదిలో ఎర ఎందుకు పట్టుకుంటుంది? కోపంతోనో, పాత అలవాటుతోనో. కాబట్టి సముద్రంలో ఆకలి చూపించాలి, నదిలో చిరాకు పెట్టాలి. కొనే ప్రతి వస్తువునూ ఈ ఒక్క తేడాతో తూచండి, సగం గోడ ఖాళీ అయిపోతుంది.

రెండోది నీళ్ల రంగు, వెలుతురు. నీళ్లు తేటగా ఉండి ఎండ కాస్తుంటే చిన్నది, మసక రంగుది. వానపడి నీళ్లు టీ రంగుకు తిరిగితే పెద్దది, మెరిసేది. తెల్లవారుజామున ఏదైనా నడుస్తుంది. రంగు గురించి నేను చెప్పేది ఇంతే. షాపుల్లో చెప్పేంత పెద్ద విషయం కాదది.

మూడోది నిబంధనలు. ప్యూజెట్ సౌండ్ ఉప్పునీళ్లలో సాల్మన్‌కి ముల్లు లేని ఒంటి గాలమే (ఒక్కో గాలానికి ఒకే కొన) వాడాలి. కొన్ని నదుల్లో కొన్ని చోట్ల అసలు ఎర వేయకూడదు, అక్కడ గుడ్లు వేస్తే జరిమానా. చాలా చోట్ల హేచరీ (చేపల పెంపక కేంద్రం) కోహోనే ఉంచుకోనిస్తారు. వీపు మీద తోక దగ్గర ఉండే చిన్న కండ రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప. ఈ నియమాలు సీజన్ మధ్యలో కూడా మారతాయి. అందుకని బయల్దేరే ముందు వాషింగ్టన్ మత్స్య, వన్యప్రాణి శాఖ వాళ్ల ఫిష్ వాషింగ్టన్ యాప్‌లో మీరు వెళ్లే నది పేరు కొట్టి చూసుకోండి. 15 ఏళ్లు నిండినవాళ్లందరికీ లైసెన్స్ ఉండాలి. సాల్మన్ పట్టేటప్పుడు, పట్టిన చేపలు రాసుకునే క్యాచ్ కార్డు చిన్నపిల్లలకైనా తప్పదు.

నాలుగోది గైడ్లు ఎవరూ చెప్పరు గానీ మనిళ్లలో పెద్ద విషయం. వాసన. హెర్రింగ్ ట్రే ఫ్రీజర్‌లో గోంగూర పక్కన పెడితే ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒకసారి ఊరబెట్టిన గుడ్ల డబ్బా కారు డిక్కీలో మరిచిపోయాను. మూడు రోజులు, అదీ ఎండలో. ఆ కారు అమ్మేదాకా కిటికీలు దించుకునే తిరిగాం. శాకాహారుల ఇల్లయితే ఎర జోలికి పోకుండా ల్యూర్లతో సరిపెట్టుకోవడం సంసారపక్షం.

## సముద్రపు ఒడ్డు నుంచి

పాయింట్ నో పాయింట్, విడ్బీ ద్వీపంలో బుష్ పాయింట్, లింకన్ పార్క్, ఎడ్మండ్స్ పియర్. పడవ లేనివాళ్లకు ఇవి దేవుడిచ్చిన చోట్లు. నీళ్లు లోతుగా ఒడ్డు దగ్గరికే వస్తాయి, ప్రవాహం వెంబడి చేపలు వాటి పక్కనుంచే పోతాయి.

ఇక్కడ అసలు పోటీ బజ్ బాంబ్‌కీ, సన్నటి లోహపు జిగ్‌కీ మధ్యే. బజ్ బాంబ్ నాలుగు పలకల సీసపు ముక్క. మధ్యలో రంధ్రం గుండా లైన్ దూరి, కింద రబ్బరు ముక్క, దాని కింద గాలం. విసిరాక అది దొర్లుతూ, కొట్టుకుంటూ దిగుతుంది, దెబ్బ తిన్న హెర్రింగ్ ఎలా దిగుతుందో అలా. రాడ్ ఎత్తి, దించి, ఆ దించినప్పుడు వదులైన లైన్‌ను చుట్టుకోవాలి. మళ్లీ ఎత్తాలి. చేప దాదాపు ఎప్పుడూ అది పడిపోతున్నప్పుడే పట్టుకుంటుంది. అందుకే దించేటప్పుడు లైన్ పూర్తిగా వదిలేయకండి, వేలికి తెలిసేంత బిగువు ఉంచండి.

పాయింట్ విల్సన్ డార్ట్ లాంటి సన్నటి జిగ్ క్యాండిల్‌ఫిష్ ఆకారంలో ఉంటుంది. గాలికి ఎదురు ఇంకా దూరం పోతుంది, తొందరగా మునుగుతుంది. గాలి లేని తెల్లవారుజామున నేను బజ్ బాంబే కడతాను. గాలి లేచిందా, చేపలు దూరంగా ఎగురుతున్నాయా, అప్పుడు జిగ్. రెండూ ఒకటిన్నర, రెండు ఔన్సుల్లో ఒక్కోటి ఉంటే బీచ్ పని అయిపోయినట్టే.

పియర్ మీద కొందరు బెండు కింద హెర్రింగ్ వేలాడదీసి కూర్చుంటారు. అది కూడా పనిచేస్తుంది. రోజంతా విసిరే ఓపిక లేని పెద్దవాళ్లకు, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి ఇదే బాగుంటుంది. కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని బెండును చూస్తూ కూర్చోవచ్చు. మన కాలవ గట్టు మీద గాలం వేసినట్టే. ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఒకటి, రెండు, మూడు రోజుల లైసెన్సులు దొరుకుతాయి.

బేసి సంఖ్య సంవత్సరాల్లో ఇక్కడికి పింక్ సాల్మన్ లక్షల్లో వస్తుంది. అప్పుడు చిన్న గులాబీ బజ్ బాంబ్‌ను మెల్లగా లాగితే అవే ఎక్కువ పడతాయి. కోహోనే కావాలంటే వేగం పెంచండి. తోక మీద పెద్ద కోడిగుడ్డు ఆకారపు మచ్చలుంటే అది పింక్.

## పడవ మీద

ఛార్టర్ బోటులో వెళ్తే ఏమీ కొనకండి, అన్నీ వాళ్లే ఇస్తారు. స్నేహితుడి పడవ అయితేనే ఈ చర్చ.

మొదటి దారి ఫ్లాషర్, దాని వెనక హూచీ. ఫ్లాషర్ నీళ్లలో గిరగిరా తిరిగే మెరుపు పలక. హూచీ ప్లాస్టిక్ స్క్విడ్. దానికి సొంత కదలిక లేదు, ఫ్లాషర్ కొట్టే కుదుపే దాని ప్రాణం. అందుకే రెంటి మధ్య లీడర్ (చివరి లైన్ ముక్క) 30 అంగుళాలకు అటూ ఇటూ ఉండాలి, మరీ పొడవైతే హూచీ శవంలా తేలుతుంది. ఇది తేలికైన దారి. వాసన లేదు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, కొత్తవాళ్లు కూడా పాడుచేయలేరు.

రెండో దారి కట్ ప్లగ్ హెర్రింగ్. ఇది చేతిపని. మొప్పల వెనక నుంచి కత్తిని రెండు వైపులా ఏటవాలుగా పెట్టి తల తీసేస్తారు, కడుపులోది లాగేస్తారు, రెండు గాలాలు గుచ్చుతారు. ఆ ఏటవాలు సరిగ్గా కుదిరితే నీళ్లలో హెర్రింగ్ బరమాలా గిర్రున తిరుగుతుంది. కుదరకపోతే తిరగలి రాయిలా బద్ధకంగా దొర్లుతుంది. కోహోకి ఆ గిర్రుమనే వేగమే కావాలి. పడవ పక్కనే నీళ్లలో ఒకసారి లాగి చూసి, నచ్చకపోతే ఇంకోటి కోయండి. ముందు రాత్రి కళ్లుప్పు వేసిన చల్లటి నీళ్లలో నానబెడితే హెర్రింగ్ గట్టిపడి గాలం మీద నిలబడుతుంది, పొలుసులు రాలవు. అయొడిన్ కలిపిన ఉప్పు మాత్రం వద్దు. ఆవకాయకు పనికొచ్చే ఉప్పే దీనికీ అని గుర్తు పెట్టుకోండి.

నా మాట అడిగితే, పడవ మీద ఇద్దరుంటే ఒక రాడ్‌కి హూచీ, ఇంకో దానికి హెర్రింగ్. గంట తర్వాత ఎటు చేపలు పడుతున్నాయో అటు మారడం. ఒక్కరే పడవ నడుపుతూ హెర్రింగ్ కోసుకోవడం మాత్రం జరిగే పని కాదు. కోహో కోసం పడవ కొంచెం వేగంగానే పోవాలి, గంటకు 3 మైళ్ల దగ్గర. తెల్లారగానే పైన 20 నుంచి 40 అడుగుల్లో, ఎండెక్కాక కిందికి.

ఇదే సామానుకి చినూక్ అనే ఇంకో రకం సాల్మన్ కూడా పడుతుంది. కోహో పళ్ల చిగురు తెల్లగా ఉంటుంది, చినూక్‌ది నల్లగా. ఏది వదిలేయాలో ఖాయం కానంతవరకు చేపను నీళ్లలోనే ఉంచి చూడండి, పడవలోకి ఎక్కించకండి.

## నదిలో

అసలు తికమక ఇక్కడే. ఒకే మడుగు గట్టున నలుగురు నాలుగు రకాలుగా వేస్తుంటారు, ప్రతివాడూ తనదే సరైనదంటాడు.

ముందు చోటు గురించి ఒక మాట. కోహో నదిలో జోరుగా పారే చోట ఉండదు. మెల్లగా, దాదాపు నిలిచినట్టున్న లోతు మడుగుల్లో, పడిపోయిన చెట్ల పక్కన గుంపుగా నిలబడుతుంది. నీళ్ల మీద నురగ నెమ్మదిగా తిరుగుతుంటే అదే చోటు. కాబట్టి నెమ్మది నీళ్లలో ఏది బతికినట్టు కదులుతుందో అదే మీకు కావాలి.

స్పిన్నర్. గిరగిరా తిరిగే రేకున్న ల్యూర్. కొత్తగా నదికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే, వెనకా ముందూ చూడకుండా. వైబ్రాక్స్ రకం, తేట నీళ్లకు 4వ సైజు, కలకబారిన నీళ్లకు 5. అడ్డంగా విసరండి, కొంచెం మునగనివ్వండి, ఇక రేకు తిరగడం మానకుండా ఎంత మెల్లగా లాగగలరో అంత మెల్లగా లాగండి. రాడ్ కొన వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు చటుక్కున ఆగిపోయిందంటే చేపే. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, వేగం. ఇంకో సంగతి, పెట్టెలోంచి తీసిన స్పిన్నర్‌కి చాలాసార్లు మూడు కొక్కేల గాలం ఉంటుంది. చాలా చోట్ల అది చెల్లదు. ఒకసారి నేను అలాగే తెల్లారి మూడున్నరకు లేచి వెళ్తే, గట్టు మీద ఒక పెద్దాయన నా ల్యూర్ వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆయన జేబులోంచే ఒక ఒంటి గాలం తీసిచ్చాడు, కటింగ్ ప్లయర్ కూడా.

డిక్ నైట్ స్పూన్. స్నోహోమిష్ నది మీద దీనికి పెద్ద పేరు. వేలి గోరుకన్నా కాస్త పెద్ద రేకు, కాగితంలా పల్చన. సగం వెండి, సగం ఇత్తడి రంగుది, 1వ సైజు, చాలామంది కొనేది. ఇంత తేలికైనది కాబట్టి విడిగా విసరడం కుదరదు. పైన సీసం కట్టి, నాలుగైదు అడుగుల సన్నటి లీడర్ చివర దీన్ని వదిలి, ప్రవాహంతోపాటు కొట్టుకుపోనిస్తారు. లీడర్ లావుగా ఉంటే రేకు ఊగదు, సన్నగా ఉంటే పెద్ద చేప తెంపుకుపోతుంది. 8 పౌండ్ల లైన్ దగ్గర చాలామంది రాజీ పడతారు. సెప్టెంబరులో నీళ్లు తక్కువగా, అద్దంలా ఉన్న రోజుల్లో పెద్ద స్పిన్నర్ చూసి బెదిరిపోయే చేపలు దీన్ని పట్టుకోవడం నా కళ్లతో చూశాను. అయితే మరీ నిలిచిన నీళ్లలో ఇది పనికిరాదు, కాస్తన్నా ప్రవాహం కావాలి.

ట్విచింగ్ జిగ్. ఇప్పుడు నాకు ఇష్టమైనది ఇదే, కానీ నేర్చుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. సీసపు తల, దాని వెనక కుందేలు వెంట్రుకల తోక, బరువు ఔన్సులో 3/8 వంతు. వంకాయ రంగు, నలుపు, గులాబీ. చెట్ల పక్కన నిలిచిన నీళ్లలో విసిరి మునగనివ్వాలి. తర్వాత మణికట్టుతో రాడ్ కొనను ఒక్క ఎగురు ఎగరేసి వెంటనే దించేయాలి. లైన్ వదులైపోయి జిగ్ తలకిందులుగా పడుతుంది, తోక ఊపిరి తీసినట్టు విచ్చుకుంటుంది. మళ్లీ ఎగరేయాలి. లైన్ పడవలసినంత పడకుండా ఆగిందా, పక్కకు జరిగిందా, వెంటనే లాగేయాలి. చేతికి దెబ్బ తగిలేదాకా ఆగితే అప్పటికే ఉమ్మేసి ఉంటుంది. మధ్యాహ్నానికి మణికట్టు నొప్పి ఖాయం. కానీ పొద్దున్నుంచి నలభై స్పిన్నర్లు చూసి మొద్దుబారిన చేపల్ని రెచ్చగొట్టడంలో దీనికి సాటి లేదు.

గుడ్లు. పాతకాలపు మనుషుల ఎర. ఆడ సాల్మన్ కడుపులోని గుడ్ల పొరను బొటనవేలంత ముక్కలుగా కోసి, బోరాక్స్ చల్లి, కొంచెం ఉప్పూ పంచదారా వేసి ఊరబెడతారు. మొదట నీళ్లు ఊరతాయి, ఒకరోజుకి ఆ నీళ్లన్నీ మళ్లీ లోపలికి పీల్చుకుని గుడ్లు చెర్రీ పళ్లలా గట్టిపడతాయి. మాగాయ పెట్టడం చూసిన చేతులకు ఇది వింతగా అనిపించదు. గిన్నె, గరిటె మాత్రం వేరేగా పెట్టుకోండి. బోరాక్స్ తగిలినవి మళ్లీ వంటింట్లోకి రాకూడదు. వీటిని బెండు కింద, నేలకు అడుగు పైన తేలేలా వేస్తారు. వానలు పడి నీళ్లు మురికిగా ఉన్న అక్టోబరులో చేపకు ల్యూర్ కనిపించదు, వాసన తెలుస్తుంది. అప్పుడు గుడ్లను మించింది లేదు. కానీ వాటిని సంపాదించాలి, ఊరబెట్టాలి, చల్లగా మోసుకెళ్లాలి, గాలం పదిసార్లు కట్టుకోవాలి. ఎర నిషేధమున్న చోట వేయనేకూడదు. పైగా గుడ్లను కోహో కొన్నిసార్లు లోతుగా మింగేస్తుంది. వదిలేయాల్సిన చేప అయితే అది బతకడం కష్టం. హేచరీవి కాని, సహజంగా పుట్టిన చేపలు ఎక్కువగా ఉన్న నదిలో నేను గుడ్లు వేయను.

అన్నీ ఒకచోట పెడితే ఇలా ఉంటుంది:

| ఏది | ఎక్కడ | ఎప్పుడు బాగుంటుంది | నేర్చుకోవడం | చికాకు |
|---|---|---|---|---|
| బజ్ బాంబ్ | సముద్రపు ఒడ్డు | తెల్లవారుజాము, గాలి లేనప్పుడు | ఒక పూట | గాలికి దూరం పోదు |
| సన్నటి లోహపు జిగ్ | ఒడ్డు, పియర్ | గాలి, చేప దూరంగా ఉన్నప్పుడు | ఒక పూట | రాళ్లకు తగులుకుంటుంది |
| ఫ్లాషర్, హూచీ | పడవ | రోజంతా | తేలిక | పడవ, సామాను ఖర్చు |
| కట్ ప్లగ్ హెర్రింగ్ | పడవ | చేప తింటున్నప్పుడు | చేతివాటం కావాలి | వాసన, ఫ్రీజర్ |
| స్పిన్నర్ | నది | ఏ నీళ్లలోనైనా | ఒక పూట | చెట్లకు చిక్కుకుంటుంది |
| డిక్ నైట్ | నది, మెల్లటి ప్రవాహం | తేట నీళ్లు | రెండు మూడు సార్లు | సన్న లీడర్ తెగుతుంది |
| ట్విచింగ్ జిగ్ | నది, నిలిచిన మడుగు | చేప మొద్దుబారినప్పుడు | ఒకటి రెండు సీజన్లు | మణికట్టు |
| గుడ్లు | నది | మురికి నీళ్లు | ఓపిక | వాసన, నిషేధాలు |

## మీరు ఎవరైతే ఏది

ఏడాదికి రెండు మూడు శనివారాలు మాత్రమే దొరికేవాళ్లకు నదిలో స్పిన్నర్, ఒడ్డున బజ్ బాంబ్ చాలు. రెండూ కలిపి ఆరు ముక్కలు కొనండి. ఒకే రంగువి రెండేసి, ఎందుకంటే చేప పడుతున్న రంగే మొదట చెట్టుకు తగులుకుని పోతుంది. అది ఎందుకలా జరుగుతుందో నాకూ తెలీదు.

పిల్లలతో వెళ్లేవాళ్లు జిగ్ జోలికి పోవద్దు. అది చూడ్డానికి ఏమీ లేని ఆట, పదినిమిషాల్లో విసుగొస్తుంది. ఎర వేయనిచ్చే చోట బెండు కడితే వాళ్లకు చూడ్డానికి ఒకటుంటుంది. అది గుటుక్కున మునిగినప్పుడు పెట్టే కేక కోసమైనా వెళ్లవచ్చు.

రోజూ ఆఫీసుకు ముందు ఒక గంట వేసేవాళ్లు, అంటే నదికి దగ్గర్లో ఉండే అదృష్టవంతులు, ట్విచింగ్ నేర్చుకోండి. మీకే ఆ సాధనకు సమయం ఉంది. మొదటి సీజన్ చేపలు పడకపోయినా వదిలేయకండి.

వండుకోవడానికే పట్టేవాళ్లు సముద్రంలోనే పట్టండి. నదిలోకి వచ్చిన కోహో వెండి రంగు పోయి ఎర్రబడుతుంది, దవడ కొక్కెంలా వంగుతుంది, మాంసం పాలిపోతుంది. సెప్టెంబరు మొదట్లో ఉప్పునీళ్లలో పట్టిన చేప పులుసులో వేస్తే ముక్క నారింజ రంగులో నిలబడుతుంది. నవంబరులో నదిలో పట్టినదానికి ఎంత చింతపండు పిసికినా ఆ రుచి రాదు. నేను అలాంటివి ఆడదైనా మగదైనా వదిలేస్తాను.

గుడ్లు, హెర్రింగ్ మీద మనసు పడ్డవాళ్లు ఒక చిన్న పాత ఫ్రిజ్ గరాజ్‌లో పెట్టుకుని, దాని సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో ఆ మాట అవ్వకముందే ట్రే కొనేశాను. ఇప్పుడు నేను స్పిన్నర్లు, జిగ్‌లే వేస్తున్నాను.